పాట, గుప్పిడి, గూడు: రంగు పిట్టల ఆటపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రంగు పిట్టల ఆట గురించే. ఆట తెలియనివారి కోసం ముందు నియమాలు క్లుప్తంగా చెబుతాం. ఇవి చదవకుండా కిందకి వెళ్తే లెక్కలు అర్థం కావు.

నలుగురు కూర్చోవాలి. ఒక్కొక్కరికి 20 చింతపిక్కలు. మధ్యలో గల్లా గిన్నె. పిట్ట అంటే ఒక చిన్న కాగితం కవరు. దాని మీద కనిపించే రంగు ఆకుపచ్చ గానీ నీలం గానీ. లోపల రెండు చీట్లుంటాయి, ఒకటి తండ్రి ఇచ్చింది, ఒకటి తల్లి ఇచ్చింది. చీటీ మీద ‘ఆ’ అనో ‘నీ’ అనో రాసి ఉంటుంది. రెండూ ‘నీ’ అయితేనే పిట్ట నీలం. ఒక్క ‘ఆ’ ఉన్నా ఆకుపచ్చే. పాటకు, అంటే వేలానికి, 24 పిట్టలు: ‘ఆ–ఆ’ 10, ‘ఆ–నీ’ 10, ‘నీ–నీ’ 4. ప్రతి రకంలోనూ సగం మగ, సగం ఆడ. పై రంగు ఆకుపచ్చయి లోపల నీలం దాచుకున్న ‘ఆ–నీ’ పిట్టను పెంపకందారులు స్ప్లిట్ అంటారు. మేమూ అదే మాట వాడతాం. కొన్నవాళ్లు కూడా కవరు విప్పి చూడకూడదు.

మొత్తం 8 రౌండ్లు, జడ్జి వంతు ఒక్కొక్కరికి రెండుసార్లు. ప్రతి రౌండులోనూ మూడు పిట్టలు పాటకు వస్తాయి. పాట డబ్బు గల్లాలోకి పోతుంది. తర్వాత ఒక్కొక్కరు ఒక జంటను కలుపుతారు. జడ్జి రెండు కవర్లలోంచి ఒక్కో చీటీ చూడకుండా తీసి, తను మాత్రం చదువుకుని, వాటికి నకళ్లు కొత్త కవర్లో పెట్టి, సరైన రంగు పిల్లను ఇస్తాడు. తీసిన చీట్లు తిరిగి పాత కవర్లలోకే. పిల్ల మగో ఆడో బొమ్మా బొరుసూ తేలుస్తుంది. ఆపైన పోటీ. జడ్జి కాక మిగతా ముగ్గురూ తలో పిట్టను నిలబెడతారు. నీలం ఆకుపచ్చను గెలవాలి, ఇదే న్యాయం. బహుమతి 6 పిక్కలు, సమానమైతే పంచుకోవాలి. తీర్పుకు ముందు ముగ్గురూ గుప్పిట్లో 0 నుంచి 5 దాకా పిక్కలు పట్టుకుని, తువ్వాలు కింద జడ్జికి అందిస్తారు. జడ్జి న్యాయంగా చెబితే గుప్పిళ్లన్నీ వెనక్కిచ్చి గల్లా నుంచి 2 పిక్కల ఫీజు తీసుకుంటాడు. అన్యాయంగా చెబితే ఫీజు లేదు, గుప్పిళ్లన్నీ అతనివే. అప్పుడు ఎవరైనా 1 పిక్క పెట్టి ఫిర్యాదు చేయవచ్చు. పాచిక మీద 5 గానీ 6 గానీ పడితే జడ్జి దొరికినట్టు: లంచమంతా గల్లాకు, 3 పిక్కల జరిమానా ఫిర్యాదుదారుకు, బహుమతి న్యాయమైన పిట్టకు. పడకపోతే ఫిర్యాదు పిక్క గల్లాలోకి పోతుంది. రౌండు చివర్లో ప్రతివారూ రెండు పిట్టలకు ఒక పిక్క చొప్పున మేత ఖర్చు కట్టాలి.

ఆట ముగిశాక నీలానికి 3 మార్కులు, ఆకుపచ్చకు 1, ప్రతి రెండు పిక్కలకు 1.

ప్రశ్న: అయ్యా, మా ఇంట్లో జడ్జి ప్రతిసారీ లంచానికే లొంగుతున్నాడు. పిల్లలు 5, 6 బదులు 6 ఒక్కటే అని మార్చేశారు, ఫిర్యాదులు మరీ ఎక్కువైపోతున్నాయని. అక్కడే తేడా వచ్చిందా? (పర్లాకిమిడి పాఠకుడు)

జవాబు: అక్కడే వచ్చిందండీ. ఆట మొత్తం ఆ పాచిక మీదే నిలబడి ఉంది.

మొదట 5, 6 నియమంతో చూడండి. దొరికే అవకాశం మూడింట ఒకటి. అన్యాయం చేసే జడ్జికి మూడిట్లో రెండుసార్లు లంచం మిగులుతుంది, ఒకసారి అది పోయి 3 జరిమానా పడుతుంది. అంటే సగటున లంచంలో మూడింట రెండు వంతులు, అందులోంచి ఒక పిక్క తగ్గింపు. న్యాయం చేస్తే చేతికి ఖాయంగా 2. కాబట్టి గుప్పిళ్లలో కలిపి 4 పిక్కలున్నా అతను న్యాయంగానే ఉండటం మేలు, ఎందుకంటే అన్యాయం విలువ 1.67 మాత్రమే. 5 పిక్కలైతే 2.33. అప్పుడు మనసు జారుతుంది.

ఇప్పుడు ఇచ్చేవాడి వైపు. బహుమతి 6 అయినా, మూడోవంతు సార్లు చేజారుతుంది కాబట్టి దాని అసలు విలువ 4. నాలుగుకు మించి ఇస్తే ఇచ్చినవాడికే నష్టం. జడ్జికి కావలసింది 5. అంటే ఈ నియమం కింద ఒక్కడే జడ్జిని లాభసాటిగా కొనలేడు. ఇద్దరు ఒకేసారి గుప్పిడి బిగించాలి, ఒకడు 2, ఇంకొకడు 3. జడ్జి 3 ఇచ్చినవాడి పిట్టను గెలిపిస్తాడు. అతనికి సగటున ఒక పిక్క లాభం, రెండోవాడికి 2 నష్టం. ఇద్దరినీ కలిపి చూస్తే ఇచ్చింది 5, వచ్చింది 4. లంచం ఇచ్చిన జట్టుకు ఎప్పుడూ లోటే.

మరి ఎందుకిస్తారు? ఎదుటివాడు రెండే ఇస్తాడన్న ఆశతో. వేలంపాటకూ లంచానికీ ఉన్న తేడా ఇదే: పాటలో ఓడినవాడి డబ్బు అతని దగ్గరే ఉంటుంది, లంచంలో ఓడినవాడి డబ్బు కూడా పోతుంది. అమెరికా ఆర్థికవేత్త మార్టిన్ షుబిక్ 1971లో డాలర్ వేలం అనే ఆటను ప్రచురించారు. ఒక డాలరు నోటును పాటకు పెడతారు, గెలిచినవాడితోపాటు రెండో స్థానంలో ఉన్నవాడూ తన పాట డబ్బు కట్టాలి. రెండోవాడు నష్టం తప్పించుకోవడానికి ఒక మెట్టు ఎక్కుతాడు, మొదటివాడూ ఎక్కుతాడు, అలా డాలరు కోసం డాలరు దాటి పాడతారు. మన తువ్వాలు కింద జరిగేదీ అదే జాతి.

ఇక 6 ఒక్కటే అని మారిస్తే దొరికే అవకాశం ఆరింట ఒకటి. బహుమతి విలువ 5కు పెరిగింది. జడ్జికి 3 పిక్కల దగ్గర న్యాయం, అన్యాయం సమానమైపోతాయి, 4 ఇస్తే అన్యాయమే లాభం. ఒక్కడే 4 ఇచ్చి 5 తెచ్చుకుంటాడు, జడ్జీ సంతోషిస్తాడు. ఇక ప్రతి రౌండూ కొన్నట్టే. కొందరు దీనికి భయపడి 4, 5, 6 అని మార్చుకున్నారు. అప్పుడు బహుమతి విలువ 3, జడ్జి కదలాలంటే 7 దాటాలి. ఇద్దరు చెరో మూడూ ఇచ్చినా ఆరే. గుప్పిళ్లన్నీ ఖాళీగా వస్తాయి, ఆట చప్పబడుతుంది. ఫిర్యాదులు ఎక్కువైనాయన్నది లోపం కాదు. న్యాయమైన పిట్ట యజమానికి ఫిర్యాదు చేయడం ఎప్పుడూ లాభమే: మూడిట్లో ఒకసారి 9 వస్తాయి, రెండుసార్లు ఒక్కొక్కటి పోతుంది.

ఒక మినహాయింపు. చివరి రౌండులో ముందున్నవాడికి బహుమతి దక్కకుండా చేయడానికి ఒకరు నష్టానికైనా 5 ఇవ్వవచ్చు. అది లెక్క తప్పు కాదు, ఎత్తు.

ప్రశ్న: ముగ్గురమే ఉంటాం. ఆడొచ్చా? ఐదుగురైతే? (జయపురం)

జవాబు: ఆడొచ్చు, కానీ పాచిక మార్చాలి. ముగ్గురైతే పోటీలో ఇద్దరే నిలుస్తారు. ఒకడిది న్యాయమైన పిట్ట, లంచం ఇచ్చేవాడు ఇంకొకడే. పైన చెప్పిన లెక్క ప్రకారం ఒక్కడు 5, 6 నియమం కింద జడ్జిని కొనలేడు. అందుకని ముగ్గురికి 6 ఒక్కటే పెట్టుకోండి. రౌండ్లు 6, రౌండుకు రెండు పిట్టలు, మిగిలిన 12 కవర్లు చూడకుండా పక్కన పడేయండి. ఐదుగురైతే లంచం ఇవ్వగలవాళ్లు ముగ్గురుంటారు కాబట్టి 4, 5, 6 సరిపోతుంది. రౌండ్లు 5, రౌండుకు నాలుగు పిట్టలు.

ప్రశ్న: పాటలో ఆకుపచ్చ పిట్టను గెలిచినవాళ్లే చివరికి వెనకబడుతున్నారు. ఎంతవరకు పాడాలో లెక్క చెప్పండి. (రాయగడ పాఠకురాలు)

జవాబు: మీ దగ్గర నీలం మగపిట్ట ఉందనుకోండి. ఆకుపచ్చ ఆడది పాటకొచ్చింది. అది స్ప్లిట్ అయితే పిల్లల్లో సగం నీలం, సగం ఆకుపచ్చ. నీలం 3 మార్కులంటే 6 పిక్కలు, ఆకుపచ్చ అంటే 2. ఒక్కో పిల్ల సగటు 4 పిక్కలు. స్ప్లిట్ కాకపోతే పిల్లలన్నీ ఆకుపచ్చే, ఒక్కోటీ 2. తెలియని పిట్ట రెండిటి మధ్య, అంటే 3. ఇంకా ఎన్ని రౌండ్లు మిగిలాయో దాన్ని ఈ అంకెతో గుణించి, పిట్ట సొంత విలువ 2 కలిపి, మేత తీసేయండి. అదే మీ పై హద్దు. జోడు లేకపోతే ఆ గుణకారమే లేదు. చివరి రౌండులో, మీకు అప్పటికే జంట ఉంటే, కొత్త ఆకుపచ్చ పిట్టకు 2 పైన పాడటం పిక్కలు పారబోసుకోవడమే.

అయినా గెలిచినవాళ్లు నష్టపోవడానికి ఇంకో కారణం ఉంది. నలుగురూ కవరును బయటి నుంచే చూసి అంచనా వేస్తారు. అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడే పాట గెలుస్తాడు, ఎక్కువ అంచనా అంటే చాలాసార్లు ఎక్కువ పొరపాటు. దీన్ని వేలంపాటలు చదివేవాళ్లు విజేత శాపం అంటారు. మందు ఏమిటంటే, నోటి పాట మాని చీటీ పాట పెట్టండి. అందరూ తమ ధర రాసి మడిచి వేస్తారు. ఎక్కువ రాసినవాడికే పిట్ట, కానీ కట్టాల్సింది రెండో పెద్ద ధర. అప్పుడు మీకు ఎంత విలువనిపిస్తే అంతే రాయడం మేలు, తగ్గించి రాస్తే పిట్ట పోతుంది తప్ప ధర తగ్గదు. విలియం విక్రీ 1961లో దీన్ని విశ్లేషించారు, 1996లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్క జాగ్రత్త: ఇద్దరు కూడబలుక్కుని ఒకరు 0 రాస్తే గెలిచినవాడికి పిట్ట చవగ్గా దక్కుతుంది. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చోకుండా చూడండి.

పిల్లల్ని చూసి తల్లిని అంచనా వేయడం కూడా నేర్చుకోవాలి. నీలం జోడుతో కలిపితే ఒక్క నీలం పిల్ల పుట్టినా ఆ ఆకుపచ్చ పిట్ట స్ప్లిట్ అని ఖాయం. ఆకుపచ్చ పిల్ల పుడితే అనుమానం తగ్గుతుంది, పోదు. మొదట్లో స్ప్లిట్ అయ్యే అవకాశం రెండింట ఒకటి. ఒక ఆకుపచ్చ పిల్ల తర్వాత మూడింట ఒకటి, రెండైతే ఐదింట ఒకటి, మూడైతే తొమ్మిదింట ఒకటి. చాలామంది ఒక్క పిల్లను చూసి “ఇది ఉత్త ఆకుపచ్చే” అని వదిలేస్తారు. అప్పుడు దాన్ని చవగ్గా కొనాలి.

ప్రశ్న: జడ్జి చీట్లు చదువుతాడు కదా. ఆ సంగతి అమ్ముకోవచ్చా? (గుణుపురం)

జవాబు: అమ్ముకోవచ్చు. నియమం అడ్డు చెప్పదు. అయితే అతనికి తెలిసేది ఒక్కో కవరులోంచి ఒక్క చీటీ మాత్రమే. ‘నీ’ వచ్చిందంటే ఆ ఆకుపచ్చ పిట్ట స్ప్లిట్ అని రూఢి. ‘ఆ’ వచ్చిందంటే ఏమీ రూఢి కాదు. పైగా అతను అబద్ధం చెప్పినా రుజువు చూపే దారి లేదు, కవరు విప్పకూడదు కదా. అందుకే ఈ కబురుకు ఒకటి రెండు పిక్కలు మించి ఇవ్వకండి. ఆ జడ్జి వచ్చే రౌండులో అదే పిట్టకు ఎంత పాడుతున్నాడో చూడండి, నోటి కన్నా అది నమ్మదగ్గది.

ప్రశ్న: కవరు దీపానికి అడ్డం పెడితే లోపల రంగు కనిపిస్తోందండీ. (పర్లాకిమిడి)

జవాబు: చీట్లకు రంగు వేయకండి. ఒకే కాగితం, పెన్సిలుతో అక్షరం, అక్షరం లోపలికి వచ్చేలా ఒక మడత. మందుల షాపులో మాత్రలు వేసిచ్చే ఖాకీ కాగితం కవర్లు బాగా పనికొస్తాయి. 56 కవర్లు, ‘ఆ’ చీట్లు 70, ‘నీ’ చీట్లు 58 చేసి పెట్టుకుంటే ఎనిమిది రౌండ్లకూ చాలు. బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాస్తే వేలికి గుర్తు తగులుతుంది, జడ్జి చూడకుండానే ఎంచుకోగలడు. ఆ పెన్ను వద్దు.

ప్రశ్న: పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ అని బడిలో నేర్పాం. మరి ఆకుపచ్చ పిట్టలో నీలం దాగి ఉండటమేమిటి, పసుపు ఎందుకు దాగదు? (గంజాం జిల్లా ఉపాధ్యాయిని)

జవాబు: మేడమ్, మీరు బడిలో చెప్పింది ఈ పిట్ట విషయంలో నిజమే. మన ఆటకు ఆధారం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జరిగర్, మన షాపుల్లో లవ్‌బర్డ్స్ అని అమ్మే చిన్న చిలక. అడవిలో దాని రంగు ఆకుపచ్చ. దాని ఈకలో నీలం రంగు పదార్థం అంటూ ఏమీ లేదు. ఈక లోపలి కెరటిన్ (గోళ్లలోనూ ఉండే గట్టి పదార్థం) నురగలాంటి అమరికతో ఉంటుంది. దాని మీద పడిన వెలుతురులో నీలమే వెనక్కి తిరిగొస్తుంది, మిగతా వెలుతురును కింద ఉన్న నల్లటి మెలనిన్ మింగేస్తుంది. దాని పైన సిటకోఫుల్విన్ అనే పసుపు పదార్థం పూత ఉంటే కంటికి ఆకుపచ్చ కనిపిస్తుంది. ఆ పసుపు తయారు కాని పిట్టే నీలం. రాలిన నీలి ఈకను రాయి మీద పెట్టి సుత్తితో నలగ్గొట్టి పిల్లలకు చూపించండి, అమరిక చెదరగానే నీలం మాయమై మాసిన రంగు మిగులుతుంది.

పసుపు తయారు చేసే జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచేసినా చాలు. అందుకే ఒక్క ‘ఆ’ చీటీ ఉంటే పిట్ట ఆకుపచ్చ. ఇంగ్లండు పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ 1840లో ఈ పిట్టల్ని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చారు. నీలం రకం 1878లో బెల్జియంలో కనిపించింది. పసుపును ఆపేసే మార్పు ఏ జన్యువులో ఉందో 2017లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ జన్యువు తయారు చేసే ప్రోటీనులో ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే.

ముదురు రంగుల గురించి కూడా అడిగారు. అది వేరే జన్యువు, అందులో దాపరికం లేదు. ముదురు చీటీ ఒకటి ఉంటే లేత ఆకుపచ్చ ముదురు ఆకుపచ్చ అవుతుంది, రెండుంటే ఆలివ్. నీలంలో ఇదే వరస: ఆకాశనీలం, కోబాల్ట్, మావ్. బయటికి అంతా కనిపించేస్తుంది కాబట్టి పాటకు పదును ఉండదు. మా సలహా, దాన్ని ఆటలోకి తేకండి.

ప్రశ్న: పసుపు పిట్టల్ని చేర్చాలని ఉంది. ఎలా? (రాయగడ)

జవాబు: ఇది చేర్చదగ్గ మార్పు. పసుపు పిట్టను లుటినో అంటారు, కళ్లు ఎర్రగా ఉంటాయి. దాని జన్యువు లింగంతో ముడిపడి ఉంది, అందువల్ల ఆట రుచే మారిపోతుంది.

ప్రతి కవరు మధ్యలో గమ్‌తో ఒక గీత అతికించి రెండు అరలు చేయండి. ఒక అరలో పాత చీట్ల జత. రెండో అరలో కొత్త జత: మగదానికి రెండు చీట్లు, ఆడదానికి ఒక చీటీ, ఒక ఖాళీ కాగితం. మామూలు చీటీకి చుక్క పెట్టండి, పసుపు చీటీకి ‘ప’ రాయండి. మగదానికి రెండూ ‘ప’ అయితేనే పసుపు, ఆడదానికి ఉన్న ఒక్క చీటీ ‘ప’ అయితే చాలు. పాటకొచ్చే 24లో నాలుగు మగ పిట్టలకు ఒక్కో ‘ప’, రెండు ఆడ పిట్టలకు ఒక్కో ‘ప’ చాలు. పిల్లను తేల్చేటప్పుడు తల్లి అరలోంచి ఖాళీ కాగితం వస్తే పిల్ల ఆడది, చీటీ వస్తే మగది. బొమ్మా బొరుసూ ఇక అక్కర్లేదు. నిజం పిట్టల్లో కూడా పిల్ల ఆడో మగో నిర్ణయించేది తల్లే.

ఇక ఫలితాలు. పసుపు మగ, ఆకుపచ్చ ఆడ కలిస్తే కూతుళ్లన్నీ పసుపు, కొడుకులన్నీ పసుపును దాచుకున్న ఆకుపచ్చ స్ప్లిట్‌లు. తిరగేస్తే, అంటే పసుపు ఆడ, ‘ప’ లేని మగ కలిస్తే, పసుపు పిల్ల ఒక్కటీ రాదు, కొడుకులు మాత్రం దాచుకుంటాయి. ఈ రెండో సంగతి తెలియక పసుపు ఆడదానికి ఎక్కువ పాడి దెబ్బ తింటారు. స్ప్లిట్ మగ, ఆకుపచ్చ ఆడ కలిస్తే కూతుళ్లలో సగం పసుపు, మొత్తం మీద నాలుగో వంతు. ఆడపిట్టకు ఈ చీటీ ఒక్కటే కాబట్టి అది పసుపును దాచలేదు. పసుపు విషయంలో జడ్జి అమ్మే కబురు మగపిట్ట గురించి అయితేనే కొనండి, ఆడపిట్ట గురించి చెప్పేది కవరు మీదే ఉంది.

మొదటి అరలో ‘నీ–నీ’ ఉండి పసుపు కూడా పడితే పిట్ట తెల్లగా ఉంటుంది, అది ఆల్బినో. పసుపుకు 4 మార్కులు, తెలుపుకు 6 పెట్టుకోండి. పోటీలో తెలుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఇదీ వరస. ఇంకొకటి: ఆకుపచ్చ, నీలం పిట్టల్లో ఎదిగిన మగదాని ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి భాగం నీలంగా, ఆడదానిది గోధుమరంగుగా ఉంటుంది. కవరు మీద బొమ్మ గీసేవాళ్లు అలాగే గీయండి. లుటినో, ఆల్బినో మగపిట్టలకు ఆ భాగం గులాబీ ఛాయలోనే ఉండిపోతుంది. వాటి మీద మగ, ఆడ అని రాసేయాలి.

ప్రశ్న: కవర్ల మీద పెట్టుకునే రంగు బిళ్లల్ని మన గంజపా (చేత్తో బొమ్మలు వేసే పాత పేకాట) ముక్కల్లా గుండ్రంగా చేయాలని ఉంది. రెండుసార్లు చేశాం, వంకరపోయాయి. (పర్లాకిమిడి పాఠకురాలు)

జవాబు: మీ ఊళ్లోనే ఆ పనితనం ఉండగా అట్టముక్కలు ఎందుకు, మంచి ఆలోచన. గంజపాలో ఒక్కో రంగుకు 12 ముక్కలు: ఒకటి నుంచి పది దాకా, మంత్రి, రాజు. ఎనిమిది రంగుల దస్తా 96, పది రంగులది 120, పన్నెండు రంగులది 144. మీకు కావలసింది 56 బిళ్లలే.

చింతపిక్కల్ని రెండు మూడు రోజులు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నసెగ మీద కలుపుతూ ఉడికించాలి. గరిటెకు అంటుకుని మెల్లగా జారితే జిగురు అయినట్టు. ఉతికి మెత్తబడిన పాత నూలు చీర రెండు పొరలు ఈ జిగురుతో అతికించి నేల మీద సాగదీసి ఆరబెట్టండి. సుద్దపొడిలో అదే జిగురు కలిపి పల్చగా పూయండి, ఆరాక ఇంకోసారి. ఆ తర్వాత ముందు గరుకు రాయితో, పిదప నున్నటి గులకరాయితో రుద్దాలి. అప్పుడే రంగు పారకుండా నిలుస్తుంది.

మీవి వంకరపోవడానికి కారణం సుద్ద ఒకవైపే పూయడం. ఆరేటప్పుడు పూత బిగుసుకుని గుడ్డను తనవైపు లాగుతుంది. రెండువైపులా సమానంగా పూయాలి, ఆరీ ఆరకముందే రెండు పీటల మధ్య పెట్టి రాత్రంతా బరువు ఉంచాలి. పగుళ్లు వస్తే పూత మందమైందని అర్థం. గుండ్రంగా కోయడం మాత్రం పూర్తిగా ఆరి, రుద్దడం అయ్యాకే. ముందే కోస్తే అంచులు పీచు లేస్తాయి.

రంగుల విషయంలో గట్టిగా చెబుతున్నాం. పాత పద్ధతిలో పసుపుకు హరితాళం, ఎరుపుకు ఇంగిలీకం వాడేవారు. మొదటిదానిలో ఆర్సెనిక్, రెండోదానిలో పాదరసం ఉంటాయి, రెండూ విషమే. పిల్లలు ముక్కలు పట్టుకున్న చేత్తోనే మరమరాలు తింటారు. బడి పిల్లల పోస్టర్ రంగులు వేసి పైన నీటి వార్నిష్ పూయండి. చింతపిక్కల జిగురును పురుగు తింటుంది కాబట్టి డబ్బాలో ఎండిన వేపాకు వేసి, వానాకాలం నెలకోసారి ఎండకు పెట్టండి.

ప్రశ్న: మా వీధిలో ఒడియావాళ్లతో కలిసి ఆడుతుంటే పాట దగ్గర గొడవలవుతున్నాయి. (బరంపురం)

జవాబు: మాట దగ్గర వచ్చిన చిక్కు అయ్యుండాలి. ఒడియాలో వేలాన్ని ‘నిలామ్’ అంటారు. మీరు “నీలం!” అని పిట్ట రంగు చెబితే వాళ్లకు వేలం మొదలైనట్టు వినిపిస్తుంది. రంగు చెప్పేటప్పుడు “నీలి పిట్ట” అనండి, వేలానికి “పాట” అనండి. లంచం దగ్గర ఆ ఇబ్బంది లేదు, వాళ్లకూ అది ‘లాంచ’యే. “ఒకటోసారి, రెండోసారి, మూడోసారి” మాత్రం ఒకే భాషలో, ఒకే మనిషి చెప్పాలి.

ప్రశ్న: పిల్లలకు లంచం ఇవ్వడం నేర్పినట్టు అవదా? మా బడిలో పెద్దలు అభ్యంతరం చెప్పారు. (కోరాపుట్ జిల్లా ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, అభ్యంతరం న్యాయమైనదే, దానికి జవాబు లెక్కలోనే చూపించవచ్చు. ఆట అయ్యాక ప్రతి జట్టు చేత ఒక కాగితం మీద మూడు అంకెలు రాయించండి: లంచంగా ఇచ్చిన మొత్తం, లంచం వల్ల వచ్చిన బహుమతులు, జడ్జిగా మిగిలినవి. 5, 6 నియమంతో ఆడితే మొదటి అంకె రెండోదాన్ని దాటడమే ఎక్కువసార్లు చూస్తారు. తర్వాత పాచికను 6 ఒక్కటే చేసి మళ్లీ ఆడించండి. దొరికే అవకాశం సగమైతే ఏమవుతుందో పిల్లలే చెబుతారు. చట్టం సంగతి కూడా చెప్పండి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా జైలు. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా పోలీసులకు గానీ దర్యాప్తు సంస్థకు గానీ తెలిపితే వారికి మినహాయింపు ఉంది. పిక్కలకు బదులు నాణేలు మాత్రం వాడనివ్వకండి, అప్పుడది జూదం.

ప్రశ్న: నిజం పిట్టలతోనే రంగులు చూడాలని పిల్లల గోల. అడవి నుంచి రామచిలకల్ని తెచ్చి అమ్ముతున్నారు. కొనమంటారా? (గుణుపురం)

జవాబు: కొనకండి. రామచిలకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎర్ర జీనువాయి (మునియా) అనే చిన్న పిట్టలకూ అదే వర్తిస్తుంది. బడ్జీలు, అంటే పైన చెప్పిన బడ్జరిగర్‌లు, మన అడవి పిట్టలు కావు, పంజరంలో పుట్టినవి, అవి పెంచుకోవచ్చు. ఆడది రోజు విడిచి రోజు నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. దాదాపు 18 రోజులు పొదుగుతుంది, ఐదు వారాలకు పిల్లలు గూడు దాటుతాయి. మేతకు కొర్రలు, సామలు మన సంతలోనే దొరుకుతాయి. ఆటలో తోబుట్టువుల్ని కలపడానికి అడ్డు లేదు, అది లెక్క తేలిక కోసం. నిజం పిట్టల్లో అలా కలిపితే బలహీనమైన పిల్లలు పుడతాయి, కలపకండి.

ప్రశ్న: ఆరో రౌండుకే అందరి దగ్గరా పిక్కలు గుట్టలు పడి, ఆకుపచ్చ పిట్టకు 15 దాకా పాడుతున్నారు. (బరంపురం)

జవాబు: మీరు పాట డబ్బును గల్లాలో వేయకుండా మిగతా ముగ్గురికీ పంచుతున్నారని మీ ఉత్తరం చివర్లో ఉంది. అదే కారణం. గల్లా నుంచి రౌండుకు బహుమతి 6, ఫీజు 2, మొత్తం 8 బయటికొస్తాయి. ఎనిమిది రౌండ్లకు 64. వాటిని వెనక్కి లాగేవి పాట, మేత. పాట డబ్బు పంచేస్తే మేత ఒక్కటే మిగులుతుంది, అది చాలదు. మొదట పంచే 80తో కలిపి 144 అవుతాయి కాబట్టి 150 పిక్కలు ఏరి పెట్టుకోండి. పుచ్చుపిక్కలు తీసేయాలి, గుప్పిట్లో నలిగి రెండు ముక్కలైతే తువ్వాలు కింద లెక్క తేడా వస్తుంది.